తలమీద సొంత చెయ్యి

దోర్నకల్ మొదటి బిషప్ అజరయ్య గారు బాప్తిస్మం పొందినవారిని ఎవరి చెయ్యి వారి తలమీద పెట్టుకోమనేవారు. తన వెంట ఈ మాట పలికించేవారు: "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడను. అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ." రెండో వాక్యం బైబిల్లో పౌలు రాసిన 1 కొరింథీ పత్రిక 9:16లోది.

తలమీద చెయ్యి పెట్టి మాటిస్తే మన ఊళ్ళలో అది ఒట్టే. బాప్తిస్మం పొందినవారు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్‌లో తలమీద పడేది బిషప్ చెయ్యి. ఇక్కడ మాత్రం ఎవరి చెయ్యి వారిదే.

అజరయ్య గారిది తమిళదేశం. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల పాలేర్లు, కూలీలు.

అందుకే ఈ వచనం దగ్గర కాస్త ఆగాలి. "భారము నామీద మోపబడియున్నది" అంటాడు పౌలు. నైజాం పల్లెల్లో వెట్టి చేసినవాడికి నెత్తిమీద బరువు మోపడమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క వచనాన్నే విడదీసి బోధిస్తే దేవుడు కూడా ఇంకో దొరలాగే వినిపిస్తాడు. అదే అధ్యాయం మొదటి మాట "నేను స్వతంత్రుడను కానా?" అనేది. 19వ వచనంలో స్వతంత్రుడన్న మాట మళ్ళీ వస్తుంది. 16 చదివేటప్పుడు ఈ రెండూ కలిపి చదవాలి. వెట్టివాడికి ఆ ప్రశ్న అడిగే హక్కే లేదు కదా.

"శ్రమ" అన్న మాట దగ్గరా పొరపాటు జరుగుతుంది. ఇప్పటివాళ్ళకు శ్రమంటే కష్టపడి పని చేయడం. ఇక్కడ అర్థం ఆపద, దుర్గతి. ముందున్న "అయ్యో"ను మింగేయకుండా పలికితే సగం అర్థం దానంతటదే తెలుస్తుంది.

ఆరాధనలో దీన్ని పలికించేవారు రెండు వాక్యాలనూ ఒక్క ఊపిరిలో చెప్పేయకూడదు. చదువు రానివారు వెనకబడి పెదవులు కదుపుతారంతే. మొదటి వాక్యం చెప్పి ఆగాలి, అందరి గొంతూ వినబడ్డాకే రెండోది. స్త్రీల చేత "క్రైస్తవురాలను" అనిపించాలి. పసిపిల్లల బాప్తిస్మంలో ప్రమాణాలు తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు పలుకుతారు. పెద్దయ్యాక కన్ఫర్మేషన్ రోజున ఆ పిల్లల చేతే ఈ మాట పలికించవచ్చు.

ఇంతకీ ఇదే అధ్యాయంలో పౌలు సువార్త పనికి జీతం వద్దన్నది తన మట్టుకే. సువార్త ప్రకటించేవారు సువార్తవలన జీవించాలని 14వ వచనంలో స్పష్టంగా ఉంది. అందుకే దోర్నకల్ పల్లెల్లో పిడికెడు బియ్యం పద్ధతి. వంట చేసిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, కానుకగా గుడికి తెచ్చేవారు. బియ్యం ఎసట్లో పడకముందే ఆ పిడికెడు తీయాలి. పడ్డాక తీయడానికేం ఉండదు.