వాడిన నీళ్లు

మా కనిగిరి వైపు ఆర్.ఓ. అంటే ఫ్లోరైడ్ భయానికి కొనుక్కునే ఇరవై లీటర్ల క్యాను. సింగపూర్‌లో అదే ఆర్.ఓ. నాకు అన్నం పెడుతోంది. డ్రైనేజీ నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో, ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున మెంబ్రేన్లు, అంటే నీళ్లను వడగట్టే పొరలు, చూసుకుంటాను. చేరిన మొదటి వారం లాగ్‌బుక్‌లో ‘సీవేజ్’ అని రాస్తే, మా సూపర్‌వైజరు కొట్టేసి ‘యూజ్డ్ వాటర్’ అని దిద్దాడు. మురుగు కాదట, వాడిన నీళ్లట. క్యాంటీన్‌లో చెప్పుకుని నవ్వుకున్నాం.

ఆ దిద్దుబాటు వెనక ఎంత కథ ఉందో తర్వాత తెలిసింది. ఇక్కడి ప్రభుత్వ జలసంస్థ పి.యు.బి. డ్రైనేజీ నీళ్లను మళ్లీ వాడుకునేలా శుద్ధి చేసే ప్రయోగం 1974లోనే చేసింది. ఖర్చు ఎక్కువై, మెంబ్రేన్లు నమ్మకంగా పనిచేయక మూసేసింది. 1998లో మళ్లీ కదిలి, ఈసారి తన ఇంజనీర్లను అమెరికా పంపింది. అక్కడ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ, డెబ్బైల నుంచే ఇలాంటి నీళ్లను శుద్ధి చేసి భూమిలోకి ఎక్కిస్తోంది. చూసొచ్చినవాళ్లు వెంటనే ఊరంతటికీ పెట్టేయలేదు. 2000లో బెడోక్‌లో రోజుకు కోటి లీటర్ల ప్లాంటు కట్టి, నడిపి చూసుకున్నారు. విదేశీ నిపుణులూ ఉన్న కమిటీతో తనిఖీ చేయించారు. ఆ నీళ్లు ఎలుకలకు తాగించారు, వాటిలో చేపల్ని పెంచారు. 2002 జాతీయ దినోత్సవాన ప్రధాని గో చోక్ టోంగ్, వేడుకకొచ్చిన జనం కలిసి ఆ నీళ్ల సీసాలెత్తి తాగారు. ఆ నీళ్లకు న్యూవాటర్ అన్న పేరు అప్పటికే సిద్ధం. ‘టాయిలెట్ నుంచి కుళాయికి’ అన్న ఒక్క మాట అమెరికాలో ఇలాంటి పథకాలను ఎలా ముంచిందో చూశాక, పేరు విషయంలో ఎవరైనా జాగ్రత్తపడతారు కదా.

మన దేశం నుంచీ బృందాలు వస్తుంటాయి. ఒకసారి తెలుగువాళ్లొచ్చారని నన్ను మాటసాయానికి పిలిచారు. శాలువాలు, మెమెంటోలు, పైపుల ముందు గ్రూప్ ఫొటోలు. రెండు గంటల్లో అంతా అయిపోయింది, బస్సు ఎదురుచూస్తోంది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఇంజనీరు ఒకాయన మాత్రం వెనకబడ్డారు.

“బాబూ, రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉంటారు? మెంబ్రేన్లు ఎన్నాళ్లకోసారి కడుగుతారు? కడిగిన నీళ్లు ఎటు పోతాయి?”

నేను చెబుతుంటే ఆహ్వానపత్రం వెనక రాసుకున్నారు. ఆయన అడిగినవాటిలో ఒక్కటీ మేం చూపించిన స్లైడ్లలో లేదు.

“పాడైపోయిన మెంబ్రేన్ ముక్కేదైనా ఉంటే ఇస్తావా? మావాళ్లకి చూపిస్తాను.”

సూపర్‌వైజరును అడిగాను. ఆయన ఒక మాటా అనకుండా షెడ్డులోకి తీసుకెళ్లాడు. పాత గొట్టమొకటి కోసి, చాప చుట్టలా ఉన్నదాన్ని విప్పాడు. పొరల మీద గోధుమరంగు జిగురు. ఇంజనీరుగారు వేలితో గీకి, వాసన చూసి, “మా దగ్గరా ఇదే, బాబూ” అన్నారు.

శుభ్రంగా ఉన్న ముక్క ఇవ్వబోతే వద్దన్నారు. ఆ జిగురు ముక్కనే రెండు కవర్లలో చుట్టించుకుని, మెమెంటో ఉన్న సంచిలో కాకుండా తన చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కారు.