హెడ్‌ఫోన్ పెట్టుకునే అమ్మాయి

గాంధీ రోడ్డులో ఓ బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. నాకు ఆటిజం, అంటే పుట్టుకతోనే మెదడు కాస్త వేరేగా పనిచేస్తుంది. బ్రహ్మోత్సవాలప్పుడు మైకులు, హారన్లు, బేరాలు ఒక్కసారే మీద పడితే కళ్లముందే అంకెలు కలిసిపోతాయి. అందుకే చెవులకు పెద్ద హెడ్‌ఫోన్. "పాటలు వింటా పని చేస్తాండావా పాపా?" అంటారు కస్టమర్లు. పాటలూ లేవు, పాడూ లేవు, గోల తగ్గడానికంతే.

ఓనరన్న నా టేబుల్ గోడౌన్ పక్కకు మార్పించాడు. పనులు నోటితో చెప్పకుండా చీటీ మీద రాసిస్తాడు. పైసా ఖర్చు కాలేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. సర్టిఫికెట్ చూపిస్తే జాలి, చూపించకపోతే నటన అంటారు, అది వేరే తలనొప్పి.

ఇదివరకు ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడాలని తెగ టెన్షన్ పడేదాన్ని. ఇప్పుడు బిల్లు చూస్తూనే మాట్లాడతాను. నచ్చనివాళ్లకు పక్క కౌంటర్ ఉంది.