బేడుగుల్ కొండమీద గోల్ఫ్: ఎత్తు ఇచ్చినదాన్ని చలి పట్టుకుపోతుంది

బాలిలో బీచ్‌లు చూసి వచ్చేసేవాళ్లే ఎక్కువ. గోల్ఫ్ ఆడేవాళ్లు మాత్రం ఒక రోజు కొండమీదికి కేటాయించి తీరాలి. ఎయిర్‌పోర్టు నుంచి ఉత్తరంగా రెండు, రెండున్నర గంటలు ఘాట్‌రోడ్డు ఎక్కితే బేడుగుల్ ప్రాంతంలో పంచసారి ఊరు. అక్కడ సముద్రమట్టానికి 1,142 మీటర్ల ఎత్తున హందారా గోల్ఫ్ కోర్సు ఉంది. ఎప్పుడో ఒక అగ్నిపర్వతం తనలోకి తాను కూలిపోగా మిగిలిన పెద్ద గిన్నె ఇది. చుట్టూ కనిపించే కొండలు దాని అంచులే. బ్రాతాన్, బుయాన్, తంబ్లింగాన్ సరస్సులు మూడూ ఈ గిన్నెలోవే. 18 హోల్స్, పార్ 72 (మంచి ఆటగాడు మొత్తం 72 దెబ్బల్లో ముగించాలన్న లెక్క). బ్రిటిష్ ఓపెన్‌ను ఐదుసార్లు గెలిచిన ఆస్ట్రేలియన్ పీటర్ థామ్సన్, మైకేల్ వుల్వరిడ్జ్ కలిసి డిజైన్ చేశారు, 1974లో మొదలైంది.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా తప్పేది క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ఎంపికలో. కొండమీద గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుందని ఎక్కడో విని, 7 ఐరన్ తీయాల్సినచోట, అంతకన్నా తక్కువ దూరం కొట్టే 8 ఐరన్ తీస్తారు. బంతి గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ముందున్న బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడుతుంది. ఎత్తు లెక్క నిజమే: ప్రతి వెయ్యి అడుగులకు క్యారీ (బంతి గాలిలో పోయే దూరం) సుమారు ఒక శాతం పైచిలుకు పెరుగుతుంది. కానీ పోల్చుకోవాల్సింది సముద్రమట్టంతో కాదు, మనం రోజూ ఆడే కోర్సుతో.

హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 35 డిగ్రీల ఎండలో ఆడే మనిషి పొద్దున్నే 18 డిగ్రీల చలిలో హందారాలో ఆట మొదలుపెట్టాడనుకోండి. 600 మీటర్లు పైకెక్కినందుకు గాలి సాంద్రత ఏడు శాతం దాకా తగ్గుతుంది. 17 డిగ్రీలు చల్లబడినందుకు దాదాపు ఆరు శాతం తిరిగి పెరుగుతుంది. మిగిలింది ఒక శాతం. దానికితోడు చల్లబడిన బంతి క్లబ్ ముఖం మీద నుంచి అంత చురుగ్గా ఎగరదు, తడి ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మీద దొర్లదు. అంటే హైదరాబాద్‌లోని గోల్కొండ నయా ఖిలా కోర్సులో కొట్టే దూరమే ఇక్కడా. డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) ఇంకాస్త తక్కువే. విశాఖ ఈస్ట్ పాయింట్ కోర్సులో సముద్రం పక్కన ఆడి వచ్చేవాళ్లకు 150 గజాల షాట్‌లో మూడు నాలుగు గజాలు కలిసి రావచ్చు. దానికోసం క్లబ్ మార్చనక్కర్లేదు, సగం క్లబ్ తేడా కూడా కాదది.

గాలిలో తేమ ఉంటే బంతి బరువుగా ఎగురుతుందనే మాట కూడా వదిలేయండి. తేమగాలి పొడిగాలి కన్నా కొంచెం తేలికే. దూరం తినేది చలి, తడి నేల. రాత్రి బంతుల్ని కారు డిక్కీలో వదిలేయకుండా గదిలో పెట్టుకోండి. ఆట మధ్యలో హ్యాండ్ వార్మర్‌తో కావాలని వేడిచేసిన బంతిని కొడితే మాత్రం గోల్ఫ్ నియమం 4.2 కింద డిస్‌క్వాలిఫై అవుతారు.

ఇక నేల. అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టిన మట్టి ఇది: నల్లగా, తేలిగ్గా, గుల్లగా ఉంటుంది. నీళ్లను లోపలికి గుంజుకుంటుంది, చాలాసేపు పట్టి ఉంచుతుంది కూడా. పైకి ఆరినట్టే కనిపిస్తుంది కానీ అడుగున మెత్తన. ఎర్రమట్టి గట్టినేల మీద క్లబ్ బంతి వెనక నేలకు తగిలినా ఎగిరి బంతిని ఎంతోకొంత ముందుకు తోస్తుంది. ఇక్కడ మట్టిలోకి దిగి ఆగిపోతుంది. నిలబడే తీరులో (స్టాన్స్) బంతిని ఒక అంగుళం వెనక్కి పెట్టి, బరువు ఎడమకాలి మీద ఉంచి, బంతికే ముందు తగిలేట్టు కొట్టాలి. (ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి.)

బంతికి బురద అంటుకుంటే ఫెయిర్‌వేలో తుడవకూడదు, బంతిని ఎత్తి తుడుచుకోనిచ్చే ప్రిఫర్డ్ లైస్ లోకల్ రూల్ పెడితే తప్ప. బురద కుడివైపు ఉంటే బంతి ఎడమకు, ఎడమవైపు ఉంటే కుడికి పోతుంది. దాన్నిబట్టి గురి మార్చుకుని, స్వింగ్ నెమ్మది చేయండి. తన దెబ్బకు పడిన గుంటలోనే బంతి దిగబడి, కొంతైనా నేలమట్టం కిందకు ఉంటే నియమం 16.3 ప్రకారం ఉచితంగా తీసి, తుడిచి, బంతి వెనకాల ఒక క్లబ్ పొడవులోపు, హోల్‌కు దగ్గర కాకుండా డ్రాప్ చేయొచ్చు. ఈ నియమం తెలియక మనవాళ్లు అనవసరంగా స్ట్రోకులు పోగొట్టుకుంటారు. నిలబడగానే బూట్ల చుట్టూ నీరు తేలితే 16.1 కింద టెంపరరీ వాటర్ రిలీఫ్ (నిలిచిన నీటి నుంచి బంతిని ఉచితంగా పక్కకు తీసుకునే వీలు) ఉంది; కావాలని తొక్కి నీరు రప్పించకూడదు.

గ్రీన్‌లు చదవడం, అంటే వాటి వాలు అంచనా వేయడం ఇంకో ఎత్తు. గిన్నె అంచు నాలుగువైపులా పైకి లేచి ఉండటంతో కంటికి దిగంతం దొరకదు, ఏది సమతలమో పోల్చుకోలేం. వాలుగా కనిపించేది సమంగా, సమంగా కనిపించేది వాలుగా ఉంటుంది. కాబట్టి కేడీ (బ్యాగు మోస్తూ సలహాలిచ్చే సహాయకులు) మాట వినండి. నాలుగు ఇండోనేషియన్ మాటలు వస్తే చాలు: కిరి అంటే ఎడమ, కనన్ అంటే కుడి, నాయిక్ అంటే ఎక్కుడు, తురున్ అంటే దిగుడు. మొదటి హోల్స్‌లో మంచువల్ల పటింగ్ (గ్రీన్ మీద బంతిని హోల్ వైపు దొర్లించడం) మందంగా ఉంటుంది, ఎండ తగిలాక వేగం పెరుగుతుంది. ముందు తొమ్మిదిలో అలవాటైన బలంతోనే వెనక తొమ్మిదిలో కొడితే బంతి హోల్ దాటిపోతుంది.

టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) ఎంత పొద్దున దొరికితే అంత మేలు. మధ్యాహ్నం దాటితే మబ్బు అంచు మీదుగా దిగి, 150 గజాల దూరంలో ఫ్లాగ్ కనపడకుండా చేస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా వానలు. జూన్ నుంచి సెప్టెంబరు మంచి కాలం. బాలి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, ఏడింటి టీ టైమ్ అంటే మన ఒంటికి తెల్లవారుజాము నాలుగున్నరే. ముందురోజు రాత్రే పైకి చేరి పడుకోవడం నయం. బ్యాగులో మూడు గ్లవ్స్, రెండు తువ్వాళ్లు, పల్చటి విండ్‌చీటర్ ఉండాలి. చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు. భూమధ్యరేఖకు ఎనిమిది డిగ్రీల దూరంలో ఎండ మబ్బుచాటు నుంచి కూడా కాలుస్తుంది. హందారా ముందు రెండుగా చీల్చినట్టుండే పెద్ద గేటు దగ్గర ఫొటోల కోసం జనం గుమిగూడతారు, ఆ ఆలస్యమూ లెక్కేసుకోండి.

ఉగాది సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. బాలివాళ్లదీ శక సంవత్సరమే. వాళ్ల కొత్త సంవత్సరం న్యెపీ నాడు ఎయిర్‌పోర్టుతో సహా ద్వీపం మొత్తం 24 గంటలు మూతపడుతుంది, వీధిలోకి అడుగు పెట్టనివ్వరు. 2026లో అది మార్చి 19న, సరిగ్గా మన ఉగాది రోజునే. 2017 నవంబరులో బాలిలోని అగుంగ్ అగ్నిపర్వతం బూడిదకు విమానాలు ఆగిపోయినట్టు ఎప్పుడైనా ఆగొచ్చు కాబట్టి, తిరుగు ప్రయాణానికి ముందురోజున ఆట పెట్టుకోకండి. వెళ్లిన మర్నాడో, ఆ తర్వాతి రోజో ఆడేయండి.