రెండూ ఎడం చేతివే

బుధవారం, రాత్రి పది దాటింది.

జాకెట్లు కుట్టేవాళ్ళ నోట్లో "రేపు" అన్న మాటకి ఎంత విలువో అందరికీ తెలిసిందే. ఒడిశా అంచునున్న మా పర్లాకిమిడిలో అయితే ఇంకో వెసులుబాటు, ఒడియాలో "కాలి" అంటే రేపూ అదే, నిన్నా అదే. పదహారేళ్ళుగా మిషను తొక్కుతున్నాను, ఎంతమందికి ఎన్ని కాలిలు చెప్పానో. మొన్న ఆదివారం తెలుగు ఆరాధనలో పాస్టరుగారు మత్తయి 5వ అధ్యాయం చదువుతూ "అవునంటే అవును, కాదంటే కాదు" దగ్గర ఆగారు. ఆయన నావైపు చూడనైనా లేదు గానీ నాకు మాత్రం ఇంట్లో మేకుకి వేలాడుతున్న పదకొండు కవర్లు కళ్ళముందుకొచ్చాయి. అందులో ఆరింటికి రేపు చెప్పేసి ఉన్నాను.

ఈ వారం ఉత్తుత్తి రేపు చెప్పకూడదనుకున్నాను. సోమ, మంగళ ఎలాగో గడిచాయి. ఈరోజు పొద్దున్నే ఒడియా ఆవిడ, చెల్లెలి పెళ్ళికి మూడు లైనింగ్ జాకెట్లు ఇచ్చినావిడ, గుమ్మంలోంచే "కాలి హెబొ తొ?" అంది, రేపు అవుతాయి కదా అని. ఇంకా కత్తిరించనే లేదు, శనివారం సాయంత్రానికి అవుతాయి అని ఉన్నమాట చెప్పాను. పెళ్ళి సోమవారం, శనివారానికి ఇస్తే సరిపోతుంది, కానీ ఆవిడ మొహం మాడిపోయింది. ఇన్నాళ్ళూ అవుతాయి అవుతాయి అన్నావు కదా అంది, అదీ నిజమే. మూడు గుడ్డలూ కొలత జాకెట్టూ పట్టుకుని వెళ్ళిపోయింది. ఒక్కోటి 250, మొత్తం 750 పోయినట్టే. ఆ పక్కవీధి టైలరు ఆవిడకి రేపే ఇస్తానని చెప్పే ఉంటాడు. మా ఆయన టీ తాగుతూ "నువ్వు సత్యం పలికి మనల్ని ఎండగట్టేలా ఉన్నావు" అన్నారు, నవ్వుతూనే అనుకోండి.

ఇంతవరకూ నా మీద నాకు కాస్త గొప్పగానే ఉంది. అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది.

పాతపట్నం వదిన వచ్చింది. (1936లో ఒడిశా వేరైనప్పుడు మేము ఇటు, వాళ్ళు అటు ఉండిపోయాం గానీ, ఆటో ఎక్కితే వాళ్ళ ఊరు ఎంతసేపు.) పోయిన నెల కుట్టిన పట్టు జాకెట్టులో మిగిలిన ముక్క కావాలంది, మనవరాలికి చిన్న గౌను అంచుకి వేయిద్దామని. మిగల్లేదు వదినా అన్నాను. మీటరు ఇస్తే మిగలకపోవడమేంటి అని, లోపల హుక్కులు కుడుతున్న పిల్ల వైపు కళ్ళతో చూపించి, గొంతు తగ్గించి, "కొండపిల్ల కదా, ఓసారి సంచీ చూడరాదా" అంది.

ఆ పిల్ల సవర పిల్ల, కొండమీద ఊరినుంచి వచ్చి నా దగ్గర కుట్టు నేర్చుకుంటోంది. వాళ్ళూ మాలాగే బాప్టిస్టులు, వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా విశ్వాసులు, మా అత్తగారింట్లో నాతోనే మొదలు. అది చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ నేనన్నది ఒకటే ముక్క: "కనుక్కుంటాలే వదినా."

అబద్ధం కాదు కదా. కనుక్కుంటాను అన్నాను, అంతే. కానీ కనుక్కోడానికేముంది అక్కడ? ఆ ముక్క ఏమైందో నాకు తెలుసు. ఆ రోజు కరెంటు పోతే సెల్‌ఫోను లైటులో కత్తిరించాను, ఒకవైపే మెరుపున్న గుడ్డ, తిరగేయకుండా ఒకే తట్టున సుద్ద గీసేసి రెండు చేతులూ ఎడం చేతివే కోసేశాను. మిగిలిన ముక్కలోంచి కుడి చెయ్యి మళ్ళీ తీసి, దానికి చంక కింద ఒక అతుకు కూడా వేశాను, ఎవరికీ కనపడదు. పాడైన చెయ్యి చెత్తగుడ్డల సంచిలో పడేశాను.

లేవీయకాండం 5లో మొదటి వచనం ఒకటుంది, తెలిసిన సంగతి చెప్పకుండా ఊరుకున్న సాక్షి ఆ దోషం తనే మోయాలని. మా సండే స్కూల్లో ఎవరూ కంఠస్థం పట్టించని వచనం అది. మిషను మీద కూర్చున్నా కాలు ఆడలేదు.

నాలుగింటికి వదినకి ఫోను చేశాను. చేతులు తప్పు కోశానని, అతుకు వేశానని, ముక్క అందుకే లేదని చెప్పాను. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "అతుకు వేశావా? ఏ చేతికి?" అంది. కుడిచేతికి అన్నాను. "నేనెంత నిక్కినిక్కి చూసుకున్నానో, కనపడలేదే" అని, మళ్ళీ వెంటనే, "కుట్టుకూలి సగం వెనక్కివ్వాలి మరి" అంది. ఇస్తానన్నాను. ఆ పిల్ల గురించి తను అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోలేదు, నేనే ఎత్తాను, "ఆ పిల్లనేమీ అనకు వదినా, తప్పు నాది" అని. సర్లే అంది.

తర్వాత పిల్లని పిలిచి చెప్పాను, పాతపట్నం ఆవిడ అన్నదీ, నేను నోరు మూసుకున్నదీ. అది తలెత్తకుండా కాజా కుడుతూనే, "సంచిలో చూశానక్కా, రెండూ ఎడం చేతివే కదా కోశావు" అంది. ఎప్పుడు చూశావే అంటే, ఆ మర్నాడే అట. మరి ఆవిడ నీవైపు చూస్తుంటే చెప్పలేదేం? "నువ్వు చెప్తావని."

శనివారం ఇవ్వాల్సినవి ఇంకా నాలుగున్నాయి. రెండు కత్తిరించాను, పగటి వెలుతురులోనే, తిరగేసి.