జబ్బు పేరు తెలియడానికి 19 రోజులు

మాది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పల్లె. షేడ్‌నెట్ కింద టమాటా, మిరప, వంగ నారు పెంచి అమ్ముతాం. ఏప్రిల్‌లో తొమ్మిదేళ్ల మా పాపకు ఎడమ తొడ వాచింది. బళ్లో ఎక్కడో పడి ఉంటుందనుకున్నాం. రాత్రిళ్లు నొప్పికి లేచి ఏడుస్తుంటే కర్నూలు తీసుకెళ్లాం. ఎక్స్‌రే, ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క పరీక్ష. రిపోర్టులో 'స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్' అని రాసి ఉంది. జబ్బు పేరు అదే అనుకున్నాను.

హైదరాబాద్‌లో పిల్లల క్యాన్సర్ డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇది పేరు కాదండీ, మైక్రోస్కోపులో కనబడిన రూపం. ఈవింగ్ సార్కోమా, రాబ్డోమయోసార్కోమా, న్యూరోబ్లాస్టోమా, లింఫోమా, అన్నీ ఇలాగే చిన్న గుండ్రటి నీలం కణాలుగా కనబడతాయి. ఒక్కోదానికి మందుల వరస వేరు. ఆ ముక్కను మైనంలో దాచిన బ్లాకు తెండి" అన్నారు.

ఆ బ్లాకు కోసం ఆరు రోజులు తిరిగాను. మొదట ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో ఇవ్వకూడదన్నారు. తర్వాత నంబరు దొరకడం లేదన్నారు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చివరికి తెల్లకాగితం మీద అర్జీ రాసి, డాక్టరమ్మ చీటీ జతచేసి ఇస్తే బీరువా అంతా వెతికారు. రిజిస్టరులో ఒక అంకె తప్పు పడిందట. నాలా తిరిగేవాళ్లుంటే మొదటి రోజే అర్జీ రాసివ్వండి, దాని మీద సంతకం, తేదీ వేయించుకోండి.

బ్లాకు అంటే అగ్గిపెట్టెలో పట్టేంత ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద తెల్లటి మైనం. మైనంలో దారప్పోగుల్లాంటివి మూడు. అవి నా బిడ్డ తొడలోంచి తీసినవి. బయట మే నెల ఎండ. మైనం మెత్తబడుతుందేమోనని స్టీలు టిఫిన్ డబ్బాలో దూది పరిచి పెట్టాను. హైదరాబాద్ దాకా బస్సులో ఎండ ఎటు మారితే డబ్బాను దాని అవతలి వైపుకు మార్చుకుంటూ కూర్చున్నాను.

వేరువేరు జబ్బులు ఒకేలా ఎందుకు కనబడతాయని డాక్టరమ్మను అడిగాను. ఒంట్లో కణాలన్నిటికీ జన్యువులు ఒకటేనట. ఏవి పనిచేస్తున్నాయి, ఏవి ఊరుకున్నాయి అన్నదాన్ని బట్టే అది కండరమో నరమో అవుతుంది. పిల్లల క్యాన్సర్లలో చాలావరకు ఎదుగుదల మధ్యలో ఆగిన కణాలే. ఐజీఎఫ్2 అనే జన్యువుకు గర్భంలో బిడ్డను పెంచడంలో పెద్ద పని. కిడ్నీలో వచ్చే విల్మ్స్ గడ్డలోనూ, కాలేయంలో వచ్చే హెపటోబ్లాస్టోమాలోనూ, రాబ్డోమయోసార్కోమాలోనూ అదే జన్యువు చాలాసార్లు అతిగా పనిచేస్తుంటుందట.

నాకు మా నారుమడి గుర్తొచ్చింది. రెండాకుల మీద ఉన్నప్పుడు టమాటా, మిరప, వంగ కొత్తవాళ్లకు ఒకటే. ఆకు నలిపి వాసన చూస్తే టమాటా బయటపడుతుంది. ఆ మాటే చెబితే ఆమె, "సరిగ్గా అంతే. 2001లో జావేద్ ఖాన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ నాలుగు జబ్బుల గడ్డల్లో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచి, 96 జన్యువులతోనే కంప్యూటర్ చేత వేరు చేయించింది" అన్నారు. మేము ఆకు నలిపినట్టే వాళ్లు కణం లోపలికి చూశారన్నమాట.

మా పాపకు మార్కర్ల పరీక్ష చేశారు, అంటే కణం ఏ రకమో పట్టించే ప్రోటీన్లు ఉన్నాయా అని చూడటం. ఈవింగ్‌లో కనబడే సీడీ99 పాజిటివ్, కండరం మార్కర్లు నెగెటివ్. సీడీ99 కొన్ని లింఫోమాల్లోనూ వస్తుంది కాబట్టి అది ఒక్కటే చాలదని జన్యువు తెగిందేమో చూసే ఫిష్ పరీక్ష కూడా చేయించారు. 22వ క్రోమోజోమ్ మీది ఈడబ్ల్యూఎస్ఆర్1 జన్యువు తెగి ఉంది. మొదటి రిపోర్టు వచ్చిన 19వ రోజున పేరు తెలిసింది: ఈవింగ్ సార్కోమా. ఆ మాట విని మా ఆవిడ అక్కడే కూలబడిపోయింది. నాకైతే ఏడుపుతో పాటు ఏదో ఊరట కూడా కలిగింది.

మరునాడే కీమో మొదలైంది. ఒక విడత విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. తర్వాతి విడత ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్. ఇప్పటికి నాలుగు అయ్యాయి. జుట్టు ఊడింది. వాపు తగ్గింది. నిన్న "నాయనా, నారుకు నేను నీళ్లు పడతా" అని లేచి వచ్చింది.

మళ్లీ అవసరం పడవచ్చని బ్లాకు మాకే తిరిగిచ్చారు. చల్లగా ఉంటుందని విత్తనాల గదిలో పెట్టాను, డబ్బా మీద నంబరు రాసి అతికించి.