37 మంది పోయాక మిగిలినవాళ్ళ సీజన్

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ పాత రికార్డులు చూస్తుంటే నాకు ఎప్పుడూ ఒక లైన్ దగ్గర కళ్ళు ఆగిపోతాయి. ఆర్మీ, 1951, 2 గెలుపులు 7 ఓటములు. ఆర్మీ అంటే వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ టీమ్, 1944 నుంచి 46 దాకా దేశంలో వీళ్ళని ఓడించినవాడే లేడు, 48, 49 లో కూడా ఓటమి లేదు, 1950 లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ పోయింది, అదీ చివర్లో నేవీ (నౌకాదళ అకాడమీ టీమ్) చేతిలో 14-2. అలాంటి టీమ్ ఏడాదిలో అంత కింద పడిందంటే ఆటలో తేడా వచ్చి కాదు.

1951 ఆగస్టులో 90 మంది కాడెట్లని పరీక్షల్లో మోసం చేశారని పంపించేస్తున్నట్టు ప్రకటించారు. అందులో 37 మంది ఫుట్‌బాల్ ప్లేయర్లు! కోచ్ రెడ్ బ్లైక్ సొంత కొడుకు, టీమ్ క్వార్టర్‌బ్యాక్ (మైదానంలో ఎటాక్ నడిపించే ప్లేయర్) బాబ్ బ్లైక్ కూడా ఉన్నాడు.

ఇంతకీ చేసిందేంటంటే, అక్కడ కాడెట్లు రెండు రెజిమెంట్లు, ఈరోజు ఒకళ్ళు రాసిన పేపరే రేపు రెండోవాళ్ళకి ఇచ్చేవాళ్ళు, అంటే ముందు రాసినోడు బయటికొచ్చి క్వశ్చన్లు చెప్తే అయిపోయింది. మన ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) వాళ్ళు కూడా షిఫ్ట్ షిఫ్ట్‌కీ పేపర్ మారుస్తారు కదండీ, అంత చిన్న పని చెయ్యకుండా అంతా హానర్ కోడ్ (నిజాయితీగా ఉండాలన్న కాడెట్ల రూల్) మీద వదిలేశారు. ఆ కోడ్ ప్రకారం కాపీ కొట్టడమే కాదు, తెలిసీ చెప్పకపోయినా తప్పే, అందుకని ఫ్రెండ్ గురించి నోరు విప్పలేదనే కారణానికి కూడా కొందరు పోయారు. మోసం మోసమే, కాదనను, కానీ ఒకే పేపర్ రెండు రోజులు ఇచ్చిన పెద్దలకి కూడా ఇందులో సగం వాటా ఉందని నా ఫీలింగ్.

బ్లైక్ రిజైన్ చేద్దామనుకున్నాడు, రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన జనరల్ మెకార్థర్ వద్దు ఉండమన్నాడట, ఉండిపోయాడు. అప్పుడు ఆయన అసిస్టెంట్ ఎవరో తెలుసా, విన్స్ లొంబార్డి! ఇప్పుడు సూపర్ బౌల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్) ట్రోఫీ ఉన్నది ఆయన పేరు మీదే.

మిగిలిన కుర్రాళ్ళతో సీజన్ మొదలెట్టారు. విల్లనోవా, నార్త్‌వెస్టర్న్, డార్ట్‌మత్, హార్వర్డ్ కాలేజీలతో మ్యాచ్‌లు వరసగా నాలుగూ పోయాయి, హార్వర్డ్‌తో 22-21 అంటే ఒక్క పాయింట్! తర్వాత పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) తో మళ్ళీ అంతే, 7-6. గెలిచింది కొలంబియా మీద, సిటడెల్ మీద మాత్రమే. రికార్డులో 2-7 అనగానే చిత్తుగా ఓడారనుకుంటాం గానీ ఆ రెండు పాయింట్లు ఇటు పడుంటే కథ వేరేలా ఉండేది. నేవీ మ్యాచ్ మాత్రం నిజంగానే ఘోరం, ఆ ఏడాది నేవీ కూడా అంతంతమాత్రమే, అదొచ్చి 42-7 తో ఉతికేసింది.

1952 లో 4-4-1, అంటే 4 గెలుపులు, 4 ఓటములు, ఒక డ్రా. 1953 లో 7-1-1, డ్యూక్‌ని 14-13 తో కొట్టారు, నేవీని 20-7 తో కొట్టారు. బ్లైక్ 1958 దాకా ఉన్నాడు, ఆఖరి సీజన్లో ఒక్క ఓటమి కూడా లేదు. బయటికి పంపినవాళ్ళతో టీమ్ కట్టి ఉంటే ఇంకెంత బాగుండేదో అని ఇప్పటికీ అనేవాళ్ళుంటారు, నాకైతే ఆ 42-7 తిని మళ్ళీ మైదానంలోకి దిగినవాళ్ళే ఎక్కువ నచ్చుతారు.