17 టిక్కీలు 11 అయిన రోజు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని. సీజన్‌లో చీటీలు రాసీ రాసీ వేళ్లు కాయలు కాస్తాయి. పొద్దున్నే క్వార్టర్ పడకపోతే నా చేతిరాత నాకే అర్థమయ్యేది కాదు. ఏడు వేస్తే ఒకటిలా పడేది. అలా ఒక రైతువి 17 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చీటీలో 11 అయ్యాయి. ఆయన నా కాలరు పట్టుకున్నాడు, తప్పేం లేదు. వాసన మాత్రం ఎవరికీ పట్టుబడలేదు. ఆ ఘాటుకి అందరూ తుమ్ముతూ దగ్గుతూ ఉంటే ఎవరి నోటి దగ్గరికి ఎవరొస్తారు?

మొదటిసారి ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో ఎనిమిది రోజులున్నాను. డిశ్చార్జ్ కాగితం అడుగున ‘ఏఏ మీటింగులకు వెళ్లవలెను’ అని ఒక వాక్యం, పక్కన ఫోన్ నంబరు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే సంఘం. నేను ఫోన్ చేస్తానని ఎలా అనుకున్నారో! ఆటో దిగాక ఇల్లు అరకిలోమీటరు. మధ్యలో వైన్ షాపు. కాగితం జేబులోనే ఉంది.

పదకొండు నెలల తర్వాత, అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఉందని నా అంతట నేనే ఒక్కసారిగా మానేశాను. మూడో రాత్రి గోడ మీద ఎర్రకాయలు పాకాయి. “కాటా వెయ్యండి, కాటా వెయ్యండి” అని అరిచానట. కొత్తపేటలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఇంట్లో ఉన్నపళంగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చని డాక్టరు గారు మా ఆవిడకి చెప్పారు. బీ1 విటమిన్ ఇంజక్షన్లు, వణుకూ ఫిట్సూ రాకుండా రోజురోజుకీ తగ్గిస్తూ లోరాజెపామ్ మాత్రలు. మందు మానడానికి ఇన్ని మందులా అనుకున్నాను.

అయిదో రోజు డాక్టరు గారే అడిగారు: “నీలాగే తాగి మానేసినాయన ఒకరున్నారు. రమ్మననా?” సరే అన్నాను, మొహమాటానికి.

వచ్చినాయన ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. నీతులేవీ చెప్పలేదు. స్టూలు లాక్కుని కూర్చుని బత్తాయి ఒలుస్తూ నా చేతికేసి చూశాడు. “నాకు టికెట్ చింపడం వచ్చేది కాదు తమ్ముడూ. రెండు కలిసి వచ్చేవి. డబ్బులు నా జేబులోంచే కట్టేవాణ్ణి.” నాకు 17 టిక్కీలు గుర్తొచ్చాయి. ఆయనకి చెప్పేశాను. అప్పటిదాకా ఆ సంగతి మా ఆవిడకి కూడా తెలీదు.

డిశ్చార్జ్ రోజు ఆ కండక్టరన్న గేటు దగ్గర బండి మీద ఉన్నాడు. ఇంటికి కాదు, తిన్నగా బ్రాడీపేటలో మీటింగుకి. ఒక స్కూలు గది, చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నా వంతు వచ్చింది. “నేను ఆల్కహాలిక్‌ని” అనాలి. నోట్లోంచి “గుమాస్తాని” అని వచ్చింది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. ఒక పెద్దాయన “మాత్రలు కూడా మత్తే, మానెయ్” అన్నాడు. నేను సగం నమ్మాను కూడా. అన్న కసిరాడు: “మాత్రలు డాక్టరు గారి ఖాతా, మందు మన ఖాతా. ఖాతాలు కలపకు.” గుమాస్తాకి అర్థమయ్యే భాష. ఏఏ పద్ధతీ అదేనట, వైద్య సలహా ఇవ్వకూడదు. తర్వాత ఆస్పత్రివాళ్లు ఆదివారాలకు ఒక గది ఉచితంగా ఇస్తామన్నా, సంచి తిప్పి పోగైన డబ్బులోంచి అద్దె కట్టాకే మావాళ్లు అందులో కూర్చున్నారు. కలిసి పనిచేస్తాం గానీ ఒకరి కింద ఒకరం కాదంటారు.

ఈ సంబంధం కొత్తదేం కాదని అన్నే చెప్పాడు. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో ఏఏని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన, డాక్టర్ బాబ్, తనే తాగుబోతు సర్జను. 1939లో అక్కడి సెయింట్ థామస్ ఆస్పత్రిలో సిస్టర్ ఇగ్నేషియా ఆయనతో కలిసి తాగుడు రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. మానేసినవాళ్లు వచ్చి మంచం పక్కన కూర్చునేవాళ్లట. బత్తాయిలు తెచ్చేవాళ్లో లేదో మరి.

మా ఆవిడ అల్-అనాన్‌కి వెళ్తుంది, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల మీటింగది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పదు. నేనూ అడగను.

రెండేళ్లు దాటింది. గురువారాలు ఇప్పుడు నేనే వార్డుకి వెళ్తున్నాను. పోయిన వారం ఒక కుర్రాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, పలకలేదు. బత్తాయి ఒలిచి స్టూలు మీద పెట్టి వచ్చేశాను. రేపు మళ్లీ గురువారం.